సామాజిక మానవశాస్త్రమూ జర్మన్ భాషా కలిపి చదవడం: శ్రీకాకుళం నుంచి ఒక తండ్రి సందేహం

బలగ నివాసి (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. నేను నరసన్నపేట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. మా పెద్దమ్మాయి ఈ ఏడాది ఇంటర్మీడియట్ హెచ్.ఇ.సి. పూర్తి చేసింది. డిగ్రీలో సామాజిక మానవశాస్త్రాన్నీ జర్మన్ భాషనూ కలిపి చదువుతానని, రెండింటిలో ఏ ఒక్కటీ వదులుకోనని పట్టుబట్టి కూర్చుంది.

ఈ కోరిక ఎక్కడ పుట్టిందో చెప్పాలి. మూడేళ్ల క్రితం వేసవి సెలవుల్లో, సీతంపేట ఏజెన్సీలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న మా బావమరిది ఇంట్లో పది రోజులు ఉంది. అక్కడ ఒక సవర ఇంటి గోడ మీద వేసిన బొమ్మను చూసి అది ఎవరి కోసమని అడిగితే, చనిపోయిన వారి కోసమని ఆ ఇంటి ముసలమ్మ చెప్పిందట. ఆ జవాబు దాని మనసులోంచి పోలేదు. జర్మన్ కథ వేరు. సరదాగా ఆన్‌లైన్ తరగతుల్లో చేరి ఏ2 స్థాయి (ఏ1 నుంచి సి2 వరకు ఉన్న ఆరు మెట్లలో రెండోది) వరకు వచ్చింది, ఇప్పుడు బి1 పుస్తకం పట్టుకుని కూర్చుంటోంది.

మా బంధువులలో ఒక పెద్దాయన, మనుషుల గురించి తెలుసుకోవడానికి విశ్వవిద్యాలయం ఎందుకు, నాలుగు పెళ్లిళ్లకు వెళితే చాలదా అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను గాని, నా సందేహం కూడా దానికి మరీ దూరంగా లేదు. ఈ రెండు చదువులకూ నిజంగా పొత్తు ఉన్నదా, లేక పిల్లకు రెండూ ఇష్టం కాబట్టి మేమే ముడివేస్తున్నామా? మన దేశంలో రెండూ కలిపి చదివే వీలు ఎక్కడ ఉంది? తెలిసిన వారు చెప్పగలరు.

ఆమదాలవలస రైలు:

మాస్టారూ, ముందుగా అమ్మాయికి అభినందనలు. మానవశాస్త్రం అనగానే మన వైపు వారికి గుర్తొచ్చేది సివిల్స్ ఐచ్ఛికాంశం. రెండు పేపర్లు, ఒక్కొక్కటి 250 మార్కులు, సిలబస్ ఇతర అంశాలతో పోలిస్తే చిన్నది. మన తెలుగు అభ్యర్థులు చాలామంది దానినే ఎంచుకుంటారు. ఆ ఉద్దేశం ఉంటే డిగ్రీ ఏది చేసినా ఇబ్బంది లేదు, జర్మన్ మాత్రం అనవసరపు బరువు అవుతుంది. జర్మన్ మీదే మనసుంటే నర్సింగ్‌లోనో ఇంజినీరింగ్‌లోనో చేరి భాష నేర్చుకున్న వారికి అక్కడ ఉద్యోగాలు దొరుకుతున్నాయి. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం ఎందుకని నా అభిప్రాయం.

మార్లవాయి బాట (హైదరాబాదు, సొంత ఊరు రాజాం):

నేను మానవశాస్త్రంలో పరిశోధన చేసి, మధ్యలో అవసరపడి ముప్పై ఏళ్లు దాటాక జర్మన్ నేర్చుకున్నవాణ్ణి. అందువల్ల మాస్టారు అడిగిన మొదటి ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు రాయవలసి వస్తోంది. పైన సోదరుడు చెప్పిన పడవల ఉపమానం ఇక్కడ అతకదు. ఈ శాస్త్రం పుట్టిన ఇళ్లలో ఒకటి జర్మన్ భాషే.

అమెరికా మానవశాస్త్రానికి పునాది వేసిన ఫ్రాంజ్ బోయస్ 1858లో జర్మనీలోని మిండెన్ పట్టణంలో పుట్టాడు. 1881లో కీల్ విశ్వవిద్యాలయంలో ఆయన డాక్టరేట్ పొందింది భౌతికశాస్త్రంలో, విషయం నీటి రంగు. రెండేళ్ల తరువాత బాఫిన్ ద్వీపానికి వెళ్లి ఇన్యూట్ ప్రజల మధ్య ఏడాది గడిపాక, నీటి రంగు కన్నా దాన్ని చూసే మనిషి ముఖ్యమయ్యాడు. క్షేత్రపరిశోధనకు ఒక పద్ధతి ఏర్పరచిన మలినోవ్‌స్కీ పోలండ్ వాడే అయినా, లండన్ చేరే ముందు లైప్‌జిగ్‌లో చదివాడు. ఆయన ఆస్ట్రియా సామ్రాజ్య పౌరుడు కావడం వల్ల మొదటి ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు ఆస్ట్రేలియాలో శత్రుదేశస్థుడిగా లెక్కకు వచ్చాడు. అయినా పరిశోధన సాగించడానికి అనుమతి దొరికింది, ట్రోబ్రియాండ్ దీవులలో సుదీర్ఘకాలం ఉన్నాడు. దాని ఫలితమే 1922 నాటి ఆయన గ్రంథం.

ఇటువంటి కథే రెండో యుద్ధంలో మన తెలుగు నేల మీద జరిగింది. క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1909లో వియన్నాలో పుట్టాడు. 1938లో ఆస్ట్రియాను జర్మనీ కలుపుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. యుద్ధం మొదలయ్యేసరికి ఇక్కడ చిక్కుకున్న ఆయనను నిజాం రాజ్యంలో ఉండనిచ్చారు. ఆ కాలంలో చేసిన పరిశోధన నుంచే చెంచుల మీద, కొండరెడ్ల మీద, ఆదిలాబాదు రాజ్‌గోండుల మీద పుస్తకాలు వచ్చాయి, ఆదిలాబాదు వైపు మార్లవాయి అనే ఊళ్లో గోండు పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. 1987లో కన్నుమూసిన ఆయన భార్య సమాధి ఈనాటికీ ఆ ఊళ్లోనే ఉంది. నా పేరు ఆ ఊరి బాట కావడానికి కారణం ఇదే. రెండు యుద్ధాలు ఇద్దరు పరిశోధకులను కదలనివ్వకుండా ఒకచోట కూర్చోబెట్టడం ఈ శాస్త్రానికి మేలు చేసింది. ఒకచోట కూర్చోవడమే ఈ చదువులో అన్నిటికన్నా కష్టమైన పని అని నాకు అనుభవం మీద తెలిసింది.

ఇక పదాల సంగతి. జర్మన్‌లో ఈ శాస్త్రానికి చాలాకాలం రెండు పేర్లు ఉండేవి. ఫ్యోల్కర్‌కుండె అంటే దూరదేశపు జాతుల గురించిన విద్య, ఫోల్క్స్‌కుండె అంటే తమ సొంత పల్లెజనం గురించిన విద్య. తేడా ఏకవచన బహువచనాలలోనే ఉన్నా, ఆ తేడాలో ‘మనమూ వాళ్లూ’ అనే గీత మొత్తం కనిపిస్తుంది. నాజీల కాలంలో ఈ రెండు విద్యలూ మచ్చపడ్డాయి. జర్మనీలోని మానవశాస్త్రవేత్తల సంఘం 2017లో తన పేరులోంచి ఫ్యోల్కర్‌కుండెను తీసివేసి సామాజిక, సాంస్కృతిక మానవశాస్త్రమనే పేరు పెట్టుకుంది. ఒక శాస్త్రం తన పేరును చూసి తానే సిగ్గుపడిన ఈ చరిత్రను అనువాదంలో చదివితే సమాచారం అందుతుంది గాని, ఆ ఇబ్బంది అందదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. మన దేశంలో చాలా విశ్వవిద్యాలయాలలో మానవశాస్త్రమంటే సామాజిక విభాగం ఒక్కటే కాదు. ఎముకల కొలతలు, జన్యువులు, పూర్వచరిత్ర అన్నీ కలిసి వస్తాయి. అమ్మాయికి గోడ మీద బొమ్మ ఇష్టం కాబట్టి పుర్రె కొలతలు కూడా ఇష్టమవుతాయని చెప్పలేము. నాకైతే మొదటి ఏడాది అవి నచ్చలేదు, తరువాత వాటి విలువ తెలిసింది.

కోట కూడలి (విజయనగరం):

నేను పదేళ్లుగా జర్మన్ బోధిస్తున్నాను. మార్లవాయి గారు శాస్త్రం వైపు నుంచి చెప్పారు కాబట్టి నేను భాష వైపు నుంచి చెబుతాను. తెలుగు పిల్లలకు జర్మన్ కష్టమని అందరూ భయపెడతారు. అది సగమే నిజం.

నా విద్యార్థులు ఇంగ్లీషు మీదుగా జర్మన్‌లోకి వెళ్లినప్పుడు తడబడతారు, తెలుగు మీదుగా వెళ్లినప్పుడు దారి సుగమమవుతుంది. జర్మన్‌లో ‘వైల్’ అనే మాటతో కారణం చెప్పే ఉపవాక్యం మొదలైతే క్రియ చివరికి పోతుంది. ఇంగ్లీషు అలవాటు ఉన్నవారికి అది వింత, మనకు వాక్యం చివర క్రియ రావడం పుట్టుకతో వచ్చిన అలవాటు. సమాసాలు మనకు కొత్త కాదు, విభక్తులు అంతకన్నా కొత్త కాదు. గౌరవవాచకం సంగతి మరీ ఆసక్తికరం. ‘నువ్వు’ అనడానికి ‘దూ’, ‘మీరు’ అనడానికి ‘జీ’ అని మొదటి పాఠంలో చెబుతారు. కాని ఆ ‘జీ’ నిజానికి ‘వారు’ అనే బహువచన సర్వనామమే, రాసేటప్పుడు మొదటి అక్షరం పెద్దది చేస్తారు, అంతే. ఎదుటి మనిషిని ప్రథమపురుషలో పిలిచి గౌరవించడం మనకు తెలియదా? ‘తమరు ఎప్పుడు దయచేశారు’ అన్నప్పుడు మనమూ ‘తాము’ అనే మాటనే వాడుతున్నాము. ఇది చెప్పగానే తరగతిలో పిల్లల ముఖాలు వెలుగుతాయి.

లింగాల దగ్గర అందరూ ఆగిపోతారు. అమ్మాయి అనే అర్థం గల ‘మేడ్‌షెన్’ జర్మన్‌లో నపుంసకలింగం. ఇదేమి అన్యాయమని ఆడపిల్లలు అడుగుతారు. అప్పుడు నేను వారిని ‘అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది’ అని రాయమంటాను. తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకూ ఒకే క్రియారూపం ఉందని అంతవరకు వారు గమనించి ఉండరు. జర్మన్ నేర్చుకోబోయి తెలుగును మొదటిసారి బయటినుంచి చూడడం అక్కడ జరుగుతుంది. మానవశాస్త్రం చేయమనే పని కూడా ఇదే కదా.

బంధుత్వ పదాలు ఈ రెండు చదువులూ కలిసే అసలు కూడలి. మనకు మేనమామ వేరు, బాబాయి వేరు, మేనత్త వేరు, పిన్ని వేరు. నేటి జర్మన్‌లో తల్లి తమ్ముడైనా తండ్రి తమ్ముడైనా ‘ఓంకెల్’ ఒక్కటే, ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చి చేరింది. పాత జర్మన్ అలా లేదు. తల్లి సోదరుడు ‘ఓహైమ్’, తండ్రి సోదరుడు ‘ఫెటర్’, తండ్రి సోదరి ‘బాజె’, తల్లి సోదరి ‘మూమె’ అని నాలుగు వేరు వేరు మాటలు ఉండేవి. తరువాత అవి కలిసిపోయాయి, ‘ఫెటర్’ అర్థం మారి పెదనాన్న, మేనమామ పిల్లల వరసకు జారిపోయింది. బంధుత్వ వ్యవస్థల మీద అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో వెలువరించిన పెద్ద గ్రంథంలో తమిళ, తెలుగు, కన్నడ వరసల పట్టికలు ఉన్నాయి. ద్రావిడ బంధుత్వ వ్యవస్థ అని ఈనాడు మానవశాస్త్ర విద్యార్థులు చదివే పాఠంలో మన ఇంట్లో అనుకునే ‘బావ, మరదలు, మేనరికం’ అన్నీ ఉన్నాయి. మీ అమ్మాయి ఆ పాఠాన్ని విదేశీ పిల్లల్లా పట్టికలు పెట్టుకుని బట్టీ పట్టవలసిన పని లేదు, భోజనాల వేళ వాళ్ల నానమ్మ మాటలు విన్నా చాలు.

ఒక పని చెబుతాను. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వరసల పట్టిక ఒకటి గీయమనండి, పక్కన జర్మన్ మాటలు రాయమనండి. ఎక్కడ గడి ఖాళీగా మిగులుతుందో చూడమనండి.

సాలూరు ఘాటు:

చర్చ చాలా బాగుంది గాని నాకు ఒక బాధ ఉంది, అది చెప్పకుండా ఉండలేను. సీతంపేటలో గోడ బొమ్మను చూసి కదిలిన అమ్మాయి, ఆ బొమ్మ వేసినవారి భాషను వదిలి ఏడు సముద్రాల అవతలి భాషను ఎందుకు పట్టుకోవాలి? సవర భాష ద్రావిడ భాష కూడా కాదు, ముండా కుటుంబానికి చెందినది. మన తెలుగు వచ్చినంత మాత్రాన అది రాదు, కూర్చుని నేర్చుకోవలసిందే. ఆ పని మన వైపు వాడే చేసి చూపించాడు. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరలతో కలిసి కూర్చుని ఆ భాష నేర్చుకున్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. ఆయనకు ఏ విశ్వవిద్యాలయమూ మానవశాస్త్ర పట్టా ఇవ్వలేదు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగును మనం ఏటా ఆగస్టు 29న తలచుకుంటాము గాని సవర గిడుగును తలచుకునేవారు తక్కువ.

నేను జర్మన్‌కు వ్యతిరేకిని కాదు. మా కొండల వారి గురించి ఇంకొకరి భాషలో రాసిన పుస్తకాలు చదివి, వారి మాటను ఒక్కటీ వినకుండా పట్టా పుచ్చుకునే వారిని చూసి విసుగెత్తి ఇలా రాస్తున్నాను. ఒకసారి ఒక పరిశోధక బృందం మా ఊరు వచ్చి, దుబాసీని పెట్టుకుని, రెండు రోజుల్లో ప్రశ్నపత్రాలు నింపుకుని వెళ్లిపోయింది. మా పెద్దలు చెప్పిన జవాబుల్లో సగం మర్యాద కోసం చెప్పినవే.

మార్లవాయి బాట:

సాలూరు గారూ, మీ మాటను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. సవర లేకుండా సవరల మీద పరిశోధన చేయకూడదు. అయితే మీ ఊరి పేరే నాకు ఇంకొక సంగతిని గుర్తు చేస్తోంది. మీ సాలూరులోనే ఉండి, ఖోందులు మాట్లాడే కువి భాషకు వ్యాకరణం రాసిన వ్యక్తి ఒక జర్మన్ మిషనరీ, షుల్జె. అది 1911లో అచ్చయింది. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్ మిషన్ వారు 1882 నుంచి నేటి ఒడిశాలోని జయపురం సంస్థానంలోనూ, సాలూరు, పార్వతీపురం వైపూ పనిచేశారు. వారు తమ ఇళ్లకు, తమ సంఘాలకు రాసుకున్న ఉత్తరాలు, నివేదికలు జర్మన్‌లో ఉన్నాయి. సంతలు, కరవులు, కొండ మీద జబ్బులు, షావుకార్ల వడ్డీలు, మతం మార్చుకున్న కుటుంబాలలో తగవులు వంటివి ఆ రకం కాగితాలలో దొరుకుతాయి. వాటిని మిషనరీ దృష్టితో రాశారన్న మాట నిజం, కాబట్టి వాటిని అనుమానంతోనే చదవాలి. కాని చదవాలంటే ముందు భాష రావాలి. వంద నూటయాభై ఏళ్ల నాటి మన కొండల మీది జీవితం ఇప్పటికీ జర్మనీలో పెట్టెల్లో ఉంది. ఆ పెట్టె తెరిచినవారికి కువి, తెలుగు తెలియకపోతే అందులో ఉన్న ఊళ్ల పేర్లు కూడా గుర్తుపట్టలేరు. మన పిల్ల ఒకతె జర్మన్ నేర్చుకుని వెళ్లడం ఇందుకు పనికివస్తుంది.

ఇంకొక చిన్న మాట. పాత ఉత్తరాలు కుర్రెంట్ అనే చేతిరాతలో ఉంటాయి, నేటి జర్మన్ పిల్లలకు కూడా అది చదవడం రాదు. దాన్ని వేరుగా నేర్చుకోవాలి. నాకు ఆరు నెలలు పట్టింది, ఇప్పటికీ ‘ఎన్’ (n) అక్షరానికీ ‘ఇ’ (e) అక్షరానికీ పొరబడుతుంటాను.

సాలూరు ఘాటు:

షుల్జె పేరు నేను వినలేదు. మా ఊరి సంగతి నాకే తెలియకపోవడం సిగ్గుగా ఉంది. అయితే నా షరతు ఒకటి ఉంటుంది: జర్మన్‌తో పాటు కువి గాని సవర గాని ఏదో ఒకటి నేర్చుకోవాలి.

బలగ నివాసి:

సాలూరు గారి షరతును అమ్మాయికి చదివి వినిపించాను. ‘అది షరతు కాదు నాన్నా, నేను అడుగుదామనుకున్నదే’ అంది. ఇక చదివే చోటు గురించి ఎవరైనా చెప్పగలరా?

హాలేలో వంశధార:

మాది కళింగపట్నం వైపు. ప్రస్తుతం జర్మనీలోని హాలేలో పీజీ చదువుతున్నాను. ఈ ఊరికీ తెలుగుకూ పాత సంబంధం ఉంది. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ, పైన చెప్పిన సాలూరు షుల్జె కన్నా చాలా ముందటివాడు, తెలుగు నేర్చుకుని తిరిగి వచ్చి 1740లలో ఇక్కడే తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. 1999 నుంచి సామాజిక మానవశాస్త్రానికి మాక్స్ ప్లాంక్ సంస్థ ఉన్నది కూడా ఈ ఊళ్లోనే. అమ్మాయి ఏదో ఒకనాడు ఇక్కడికి వస్తే పరాయి ఊరికి వచ్చినట్టు అనిపించదు.

ఇక అసలు విషయం. ఇంటర్ ముగిసిన వెంటనే జర్మనీకి పంపాలని తొందరపడవద్దు. ఒక్క ఇంటర్‌తో నేరుగా డిగ్రీలో ప్రవేశం చాలా సందర్భాలలో దొరకదు, ‘స్టూడియెన్‌కొల్లెగ్’ అనే సన్నాహక ఏడాది చదవవలసి వస్తుంది. మానవశాస్త్రం డిగ్రీ తరగతులు ఎక్కువగా జర్మన్‌లోనే జరుగుతాయి, సాధారణంగా సి1 స్థాయికి దగ్గరగా భాష అడుగుతారు. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులు వీసాకు ముందే తమ ధ్రువపత్రాలను ఏ.పి.ఎస్. అనే పరిశీలన కేంద్రం ద్వారా పరిశీలింపజేసుకోవాలి. ఖర్చు నిమిత్తం బ్యాంకులో ముందుగా చూపవలసిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో బోధన రుసుము చాలాచోట్ల లేదు. అయితే హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే హైడెల్‌బర్గ్‌లో 1962 నుంచి దక్షిణాసియా అధ్యయన సంస్థ ఉంది, మన వైపు విషయాలు చదవాలనుకునేవారి చూపు ముందు అటే పోతుంది.

మరొక సూక్ష్మం ఉంది. జర్మనీలో ‘జర్మన్’ చదవడమంటే గెర్మానిస్టిక్, అంటే జర్మన్ పిల్లలతో పాటు కూర్చుని మధ్యయుగపు కావ్యాలు, భాషాశాస్త్రం చదవడం. బ్రిటన్‌లోని పద్ధతి వేరు. అక్కడ సామాజిక మానవశాస్త్రమూ జర్మనూ చెరిసగంగా కలిపి చదివే డిగ్రీలు ఉన్నాయి, మధ్యలో ఒక ఏడాది జర్మన్ మాట్లాడే దేశంలో గడిపే వీలు ఉంటుంది. స్కాట్లాండ్‌లోని పాత విశ్వవిద్యాలయాలలో అయితే ఆ నాలుగేళ్ల తొలి డిగ్రీకే ఎం.ఏ. అని పేరు. అది పీజీ కాదు, తికమకపడవద్దు. పిల్ల కోరికకు అన్నిటికన్నా సరిపోయేది ఆ పద్ధతే. కాని విదేశీ విద్యార్థులకు అక్కడి ఫీజు ఉపాధ్యాయుడి జీతానికి అందేది కాదని మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఇల్లు తాకట్టు పెట్టి చదవవలసిన చదువు ఇది కాదు.

కోట కూడలి:

వంశధార గారు చెప్పినది సబబు. మన దేశంలో నాకు తెలిసిన దారి ఇలా ఉంది. హైదరాబాదులోని ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) జర్మన్ బి.ఏ. ఆనర్స్ ఉంది. ఢిల్లీ జె.ఎన్.యు.లోనూ ఉంది, అక్కడ ప్రవేశం సి.యు.ఇ.టి. అనే జాతీయ ప్రవేశపరీక్ష ద్వారా. ఇగ్నోలో మానవశాస్త్రం దూరవిద్యలో డిగ్రీకీ పీజీకీ దొరుకుతుంది. యు.జి.సి. 2022 ఏప్రిల్‌లో ఒకేసారి రెండు కోర్సులు చదవడానికి అనుమతి ఇచ్చింది కాబట్టి, ఒకటి తరగతిలో, మరొకటి దూరవిద్యలో చేయవచ్చు. పీజీకి వచ్చేసరికి మానవశాస్త్రానికి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది, మనకు దగ్గరలో ఆంధ్రా విశ్వవిద్యాలయం ఉంది. బరువు ఎక్కువే. రెండు చోట్లా పరీక్షలు ఒకే నెలలో పడితే ఏడుపు వస్తుంది. నా విద్యార్థిని ఒకామె ఇలాగే చేసింది, రెండో ఏడాది దూరవిద్య పరీక్షలు వాయిదా వేసుకుని తరువాత పూర్తి చేసింది.

ఆమదాలవలస రైలు:

నేను మొదట రాసినది కొంత తొందరపాటు. అయినా ఉద్యోగం ప్రశ్న ఎవరూ తాకలేదు. ఆ పిల్లకు ఇరవై ఐదేళ్లు వచ్చేసరికి చేతిలో ఏముంటుంది?

మార్లవాయి బాట:

న్యాయమైన ప్రశ్న. మానవశాస్త్రానికి తగిన ఉద్యోగాలు తక్కువ, ఉన్నవాటికి పోటీ ఎక్కువ. సర్వే సంస్థలు, గిరిజన సంక్షేమ పరిశోధన, స్వచ్ఛంద సంస్థలు, బోధన ఉన్నాయి గాని ఏదీ వెంటనే స్థిరమైన జీతం ఇవ్వదు. ఈ జంటలో అన్నం పెట్టేది మొదటి పదేళ్లు జర్మనే. బి2 దాటినవారికి అనువాదం, బోధన, జర్మన్ కంపెనీల కార్యాలయాలలో పని దొరుకుతాయి. నేను పరిశోధక వేతనం ఆగిపోయిన రెండేళ్లు అనువాదాల మీదే బతికాను. అందువల్ల అమ్మాయి జర్మన్‌ను బి1 దగ్గర వదిలేయకూడదు. మన పిల్లలు చాలామంది అక్కడే ఆగిపోతారు, మాట్లాడడం వస్తుంది గాని పుస్తకం చదవడం రాదు. ఈ చదువుకు పుస్తకం చదవడమే కావాలి.

బలగ నివాసి (అమ్మాయి రాస్తున్నాను, నాన్న ఫోన్ ఇచ్చారు):

పెద్దలందరికీ నమస్కారం. మీరు రాసినవన్నీ చదివాను. ఇఫ్లూ దరఖాస్తు పెడుతున్నాము, సీటు వస్తే ఇగ్నోలో కూడా చేరతాను. సాలూరు గారూ, మా మావయ్య దగ్గరికి సెలవుల్లో వెళ్లి సవర మొదలుపెడతాను. గిడుగు వారి వ్యాకరణం సంపాదించాలని చూస్తున్నాను.

పోయిన ఏడాది విజయనగరం పైడితల్లి సిరిమాను చూడడానికి వెళ్లాము. విజయదశమి తరువాతి మంగళవారం, అంత జనంలో చింతమాను కొస మీద పూజారి గారు కూర్చుని కోట దాకా వెళ్లి వస్తుంటే అందరూ పైకి చూస్తున్నారు. నేను చూస్తున్న వాళ్లను చూశాను. అరటిపళ్లు ఎవరు విసురుతున్నారు, ఎవరు కళ్లు మూసుకుంటున్నారు, ఎవరు ఫోన్ ఎత్తుతున్నారు అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇంటికి వచ్చాక మా నానమ్మ, అమ్మవారిని చూడకుండా జనాన్ని చూసొచ్చావా అని కోప్పడింది. నేను చేసింది తప్పో ఒప్పో నాకు ఇంకా తెలియదు. ఎప్పుడు రాసుకోవాలి, ఎప్పుడు దండం పెట్టుకోవాలి అని ఎవరైనా నేర్పుతారా?

మార్లవాయి బాట:

ఎవరూ నేర్పరు తల్లీ. నాకు ఇప్పటికీ రాదు. ఈసారి నానమ్మను వెంట తీసుకెళ్లు, ఆవిడ చూసినదీ నువ్వు చూసినదీ ఇంటికొచ్చాక పక్కపక్కన పెట్టి చూసుకో.

కోట కూడలి:

పట్టిక సంగతి ఏమైంది?

బలగ నివాసి (అమ్మాయి):

గీశాను మేడం. మా నానమ్మతో కూర్చుంటే ఒక సాయంత్రం సరిపోలేదు. బావ, బావమరిది, మరిది, ముగ్గురికీ జర్మన్‌లో ‘ష్వాగర్’ అనే ఒకే గడి వచ్చింది, అది చూసి నానమ్మ, అయితే వాళ్లు ఎవరితో వేళాకోళం ఆడాలో ఎలా తెలుసుకుంటారని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వియ్యంకుడికి, వియ్యపురాలికి గడులు ఖాళీగానే ఉన్నాయి, మా జర్మన్ టీచరుకు కూడా వాడుకలో ఉన్న మాట ఏదీ తట్టలేదు. తోడల్లుడికి మాత్రం ఉండదనుకున్నాను, కాని దొరికింది. ‘ష్విప్‌ష్వాగర్’ అంటారట. అది నానమ్మకు మూడుసార్లు పలికి వినిపించాను. ‘ఓలమ్మా, ఇది మాటేటే గుంటా, ఈలేసినట్టుంది’ అని నవ్వి, మళ్లీ అనమంది.